నలుగురినీ పిలుచుకు రండి

చిదంబరయ్యగారి దగ్గరికి వేదాంతం వినడానికి వచ్చి ఊరి కబుర్లు విని వెళుతున్నామని మాలో కొందరు సణుగుతూ ఉంటారు. అందులో కొంత నిజం లేకపోలేదు. ప్రశ్న అడిగినవాడికి ఆయన శాస్త్రం విప్పరు, శ్లోకం చదవరు. ఎవరింట్లోనో జరిగిన సంగతి ఒకటి ఎత్తుకుంటారు. అది ఎటు పోతుందో తెలియక మేము వింటూ కూర్చుంటాం. చెప్పడం అయ్యాక ఆయన కండువా భుజాన వేసుకుని లేచి వెళ్ళిపోతారు. జవాబు దొరికిందా లేదా అన్నది ఎవరికి వారు ఇంటికి పోతూ దారిలో తేల్చుకోవాలి.

ఆయన ఆశ్రమం బాపట్ల దాటి సముద్రం వైపు పోయే దారిలో, సరుగుడు తోటల మధ్య ఉంది. ఆశ్రమం అంటే పెద్దగా ఊహించుకోవద్దు. పొడుగాటి పెంకుల వసారా, కొన్ని గదులు, ఒక వంటశాల, అంతే. ఆదివారాలు చుట్టుపక్కల ఊళ్ళనుంచి జనం వస్తారు. కాసేపు మాటలు విని, అక్కడే భోంచేసి వెళతారు.

అలా వచ్చేవాళ్ళలో కేశవ అని ఒక యువకుడు ఉన్నాడు. ముప్పైకి దగ్గరపడ్డాడు. తండ్రి కోరిక మీద ప్రభుత్వోద్యోగ పరీక్షలు రాస్తూనే ఉన్నాడు. తనకు ఏం చేయాలని ఉందో మాత్రం ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు. ఒక ఆదివారం అతను ఉన్నట్టుండి లేచి నిలబడి ఇలా అడిగాడు.

"గురువుగారూ, లోకానికి వెరవకూడదని మీరు తరచూ అంటారు. ప్రయత్నం చేద్దామనే ఉంది. కానీ లోకం అంటే ఎవరండీ? ఎవరికి భయపడడం మానాలో తెలియక భయపడుతూనే ఉన్నాను."

మేమంతా నవ్వాం. గురువుగారు నవ్వలేదు. కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకుని, "వీరభద్రరావుగారి సంగతి నీకు తెలుసా?" అన్నారు. కేశవకు తెలియదు. మాలో కొందరికి తెలుసు గాని, తెలియనట్టే కూర్చున్నాం. ఆయన చెప్పింది ఇది.

వీరభద్రరావుగారు నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. బాపట్లలోనే ఒక కాలనీలో ఇల్లు. భార్య అనసూయమ్మ. ఒక్కతే కూతురు, పేరు మంజీర. అమ్మాయి ఇంజనీరింగు చదివి హైదరాబాదులో ఒక కంపెనీలో ఉద్యోగం సంపాదించింది. తరవాత ఇంటినుంచే పని చేసే వెసులుబాటు దొరికి బాపట్ల వచ్చేసింది. తండ్రికి ఇంతకన్నా కావలసింది లేదు. కూతురు గదిలో తలుపు వేసుకుని పని చేసుకుంటూ ఉంటే, ఆయన వాకిట్లో కుర్చీ వేసుకుని, వచ్చేపోయేవాళ్ళకు "మెల్లగా మాట్లాడండి, లోపల మీటింగు జరుగుతోంది" అని చెబుతూ ఉండేవాడు.

ఆ మీటింగుల్లోనే ఒకరోజు చిక్కొచ్చి పడింది. అమ్మాయి కంప్యూటరును వంటింట్లోకి తెచ్చుకుని, చెవులకు తగిలించుకున్న యంత్రంలో పై అధికారి మాటలు వింటూ, పొయ్యి మీద పప్పుకు తాలింపు పెడుతోంది. తన గొంతు అటు వినిపించకుండా ఆపాననుకుంది. ఆపలేదు. ఆవాలు చిటపటలాడిన చప్పుడు దేశంలో నాలుగు ఊళ్ళలో వినిపించింది. "ఏమిటా శబ్దం? మంటలేమైనా అంటుకున్నాయా?" అని అధికారి కంగారుపడ్డాడు. మరొకరైతే వానో, పిడుగో అని చెప్పి తప్పించుకునేవారు. మంజీర, "తాలింపండీ" అంది. అని ఊరుకోకుండా, "నాకు ఇదే బాగా ఇష్టమండీ" అని కూడా అంది. ఆ మాట నోటినుంచి వచ్చాక అది ఎంత నిజమో తనకే తెలిసొచ్చిందట. నెల తిరక్కుండా ఉద్యోగానికి రాజీనామా ఇచ్చింది. పెళ్ళిళ్ళకు, శుభకార్యాలకు వంటలు ఒప్పుకుని చేస్తానంది.

ఇంట్లో పెద్ద రభస జరిగింది. తండ్రి తనకు తెలిసినవాళ్ళ కాళ్ళూ గడ్డాలూ పట్టుకుని మరో కంపెనీలో ఉద్యోగం కుదిర్చాడు. వచ్చే సోమవారం చేరాలి. అమ్మాయి చేరనంటుంది. చివరికి అనసూయమ్మగారి సలహా మీద అందరూ కలిసి గురువుగారి దగ్గరికి వచ్చారు. అది గురువారం.

గురువుగారు ముందు అమ్మాయిని అడిగారు. ఆమె ఉన్న మాట చెప్పింది. తరవాత తండ్రి వైపు తిరిగి, "మీకున్న అభ్యంతరం ఏమిటి?" అన్నారు.

"నాకా? నాకేం అభ్యంతరం లేదండీ!" అన్నాడు వీరభద్రరావుగారు, నొచ్చుకున్నట్టు. "నేను పాతకాలపు మనిషిని కాను. నా కూతురు సుఖంగా ఉంటే చాలు. కానీ నలుగురు ఏమనుకుంటారు చెప్పండి! ఇంజనీరుగారమ్మాయి పెళ్ళిపందిట్లో గుండిగ ముందు నిలబడి గరిటె తిప్పుతోందంటే? రేపు సంబంధాలు ఎలా వస్తాయి?"

అప్పటిదాకా మాట్లాడని అనసూయమ్మగారు, "వంట రాదని తెలిసి మా చెల్లెలికి ఒక సంబంధం తప్పిపోయింది. ఇప్పుడు దీనికి వంట వచ్చని తప్పిపోతుందంటున్నారు. ఇంతకీ ఆడపిల్లకు వంట రావాలా, రాకూడదా? ఎవరైనా ఒకటి తేల్చి చెబితే బాగుండును" అంది.

వీరభద్రరావుగారు భార్య వైపు చూడకుండా, "అదే నేనూ అంటున్నాను. నలుగురి సంగతీ చూసుకోవాలి కదా" అన్నాడు.

"అయితే మీతో నాకు పనిలేదు. మీకు అభ్యంతరం లేదన్నారు కదా" అన్నారు గురువుగారు. "అడ్డుపడుతున్నది ఆ నలుగురే. వాళ్ళతోనే మాట్లాడతాను. వాళ్ళను పిలుచుకు రండి."

"ఎవరినండీ?"

"మీరు చెప్పిన నలుగురినీ."

వీరభద్రరావుగారు నవ్వాడు. గురువుగారు నవ్వకపోవడం చూసి నవ్వు ఆపేశాడు. "అది ఏదో మాటవరసకి అన్నానండీ."

"మాటవరస కోసం పిల్ల బతుకు ఆపుతామా? ఉన్నారన్నారు. ఉంటే రమ్మనండి. ఆదివారం భోజనాల వేళకు తీసుకురండి."

మంజీర అప్పుడు తనంతట తానే ఒక మాట అంది. "ఆ నలుగురూ వచ్చి, నా మొహం మీద వద్దని చెబితే, నేను మళ్ళీ ఈ ఊసెత్తను నాన్నా. ఆదివారం సాయంత్రమే హైదరాబాదు బండెక్కుతాను."

ఈ మాటతో వీరభద్రరావుగారికి ఏనుగెక్కినంత సంబరమైంది. "నలుగురేం ఖర్మ, నలభైమందిని తెస్తాను!" అని లేచాడు. ఆశ్రమంలో వంట చేసే ఆవిడ కూతురి పురిటికని వెళ్ళి ఉంది. ఆదివారం దాకా తల్లీ కూతుళ్ళు అక్కడే ఉండి వంట సంగతి చూడమని గురువుగారు అడిగారు. ఇందులో తన స్వార్థం ఉందని ఆయనే అన్నారు. అప్పటికి చాలా రోజులుగా అక్కడ అందరూ అటుకులు నానబెట్టుకుని కాలక్షేపం చేస్తున్నారు.

వీరభద్రరావుగారు ఇంటికి వెళుతూ దారిలోనే ఆలోచించుకున్నాడు. ఏమనుకుంటారో అని రాత్రింబవళ్ళు తాను బెంగపడేది ఎవరి గురించి? మొదట తట్టిన మనిషి కాలనీ సంఘం అధ్యక్షుడు దయానందంగారు. ఎవరింటికి ఎవరొచ్చారో, ఎవరి పిల్లలు ఎక్కడున్నారో అన్నీ ఆయనకు కావాలి. మర్నాడు పొద్దున్నే ఆయన ఇంటికి వెళ్ళాడు. ఆయన లుంగీ పైకి కట్టి మొక్కలకు నీళ్ళు పోస్తున్నాడు.

"ఊరికే అడుగుతున్నానండీ. ఒక మంచి కుటుంబంలో అమ్మాయి, చదువుకున్న పిల్ల, ఉద్యోగం మానేసి వంటలు చేస్తానంటే మీరు ఏమనుకుంటారు?"

దయానందంగారి చేతిలో నీళ్ళ గొట్టం అలాగే ఉండిపోయింది. నీళ్ళు మొక్కను వదిలి వీరభద్రరావుగారి చెప్పుల మీద పడుతున్నాయి. "మీకెవరు చెప్పారు?" అన్నాడు భయంగా.

"ఏమిటి చెప్పడం?"

"మావాడి సంగతి."

ఆయన కొడుకు అవినాష్ విజయవాడలో సీఏ చదువుతున్నాడని కాలనీ అంతటికీ తెలుసు. వీరభద్రరావుగారు ఏమీ అనకముందే దయానందంగారు గేటు వేసి వచ్చి, గొంతు తగ్గించి మొత్తం చెప్పేశాడు. కుర్రవాడు సీఏ మానేసి చాలా కాలమైంది. అక్కడ ఒక ఈతకొలనులో పిల్లలకు ఈత నేర్పుతున్నాడు. బాగానే ఉన్నాడు. కాకపోతే ఈ సంగతి ఇక్కడ ఎవరికీ తెలియకూడదు.

"ఎందుకండీ? మంచి పనేగా? ఎవరు ఏమనుకుంటారని?" అన్నాడు వీరభద్రరావుగారు, నిజంగానే.

దయానందంగారు ఆయన మొహంలోకి కాసేపు చూశాడు. "మీరేనండీ" అన్నాడు. "వినాయక చవితి పందిట్లో అందరూ ఉండగా, 'ఏరా, ఇంకా పాసవలేదా?' అని మావాడి వీపు తట్టి అడిగింది మీరే. సరదాకే అన్నారు, నాకు తెలుసు. వాడు మాత్రం ఆ తరవాత కాలనీలో అడుగుపెట్టలేదు. వాళ్ళమ్మే వెళ్ళి చూసి వస్తోంది."

వీరభద్రరావుగారికి పందిరి గుర్తుంది, ఆ రోజు పంచిన ఉండ్రాళ్ళు గుర్తున్నాయి, తాను ఆ మాట అన్నట్టు మాత్రం గుర్తులేదు. తడిసిన చెప్పులతో ఇంటికి వచ్చి, చాలాసేపు కాళ్ళు కూడా కడుక్కోకుండా కూర్చున్నాడు. తాను మనుషుల్ని వెతుక్కుంటూ బయలుదేరితే, వెళ్ళిన మొదటి ఇంట్లోనే తన పేరు దొరికింది.

అయినా ఇంజనీరు కదా, ఒక చోట గండి పడిందని పనంతా ఆపడు. ఆ మధ్యాహ్నం బంధువుల వాట్సాప్ గ్రూపులో ఇలా రాశాడు: "మనవారిలో ఒక అమ్మాయి ఉద్యోగం మాని పెళ్ళివంటలు చేయదలచింది. మీ మీ అభిప్రాయాలు నిర్మొహమాటంగా తెలుపగలరు." గ్రూపులో దాదాపు వందమంది ఉన్నారు. ఎవరో గులాబీపువ్వు బొమ్మ పెట్టి శుభోదయం అన్నారు, మధ్యాహ్నం వేళ. ఎవరో రెండు చేతులు జోడించారు, దేనికో తెలియదు. తెనాలి పిన్నిగారు ఎవరో పోయారనుకుని సంతాపం తెలిపారు. నరసరావుపేటనుంచి ఒక దూరపు చుట్టం మాత్రం, "దోసావకాయ పెడుతుందా? మా మనవడి బారసాల ఉంది" అని రాశాడు. సాయంత్రానికల్లా గ్రూపు మోకాళ్ళ నొప్పుల మందుల మీదికి మళ్ళిపోయింది. ఆయన ఫోను చేతిలో పట్టుకుని, ఇంకా ఎవరైనా ఏమైనా అంటారేమో అని పడుకునేదాకా చూశాడు. ఇన్నేళ్ళుగా తాను భయపడింది వీళ్ళకేనా అని కొంచెం అవమానంగా కూడా అనిపించిందట.

ఇక మిగిలింది పొన్నూరు. పొన్నూరులో ఆయన అక్క రాజ్యమ్మగారు, బావగారు సాంబశివరావుగారు ఉంటారు. బావగారంటే చుట్టాలందరికీ హడలు. ఏ శుభకార్యం ఎవరు ఎలా చేశారో ఏళ్ళ తరబడి గుర్తుపెట్టుకుని తప్పులు చెప్పగల మనిషి. ఈయన ఒక్కడు చాలు, తక్కిన ముగ్గురి లోటూ తీరుస్తాడు అనుకుని ఆదివారం పొద్దున్నే కారు తీశాడు వీరభద్రరావుగారు. దయానందంగారు కూడా ఎక్కాడు. కొడుకు విషయం గురువుగారి చెవిన వేద్దామని ఆయన ఆశ.

సాంబశివరావుగారు వాలుకుర్చీలో ఉన్నారు. సంగతి విన్నారు. వీరభద్రరావుగారు ఆశించినదానికి ఏమాత్రం తగ్గకుండా మండిపడ్డారు.

"వంటలా? మీ తాత కరణం. మీ నాన్న హెడ్మాస్టరు. నువ్వు కాలువలు తవ్వించిన ఇంజనీరువి. నీ కూతురు ఊరివాళ్ళకు వండి వడ్డిస్తుందా? ఇలాంటిది మన ఇంటా వంటా ఉందా?"

పక్కన గుమ్మంలో కూర్చుని గోరుచిక్కుళ్ళు తుంచుతున్న రాజ్యమ్మగారు తలెత్తకుండా, "ఇంట్లో వంట లేకుండానే మీకా పొట్ట వచ్చిందేమిటండీ?" అంది.

సాంబశివరావుగారు వినిపించుకోలేదు. ఇంకాసేపు వంశగౌరవం గురించి మాట్లాడారు. వీరభద్రరావుగారి ప్రాణం లేచివచ్చింది. "బావగారూ, ఇదే మాట మీరు ఒక్కసారి వచ్చి దానితో చెప్పాలి. కారు సిద్ధంగా ఉంది."

"నేనా?" అన్నారు సాంబశివరావుగారు, వాలుకుర్చీలో కొంచెం వెనక్కి జరిగి. "నేనెందుకు చెబుతాను? చంటిపిల్లప్పటినుంచి ఎత్తుకు తిప్పాను. దాని మొహం చూస్తూ నేనెలా అంటాను?"

"ఇప్పుడు ఇంతసేపూ అన్నారు కదండీ!"

"నీతో అన్నాను. అనుకోవడం వేరు, అనడం వేరోయ్, భద్రం. మేం అనుకుంటాం. వెళ్ళి మొహం మీద చెప్పే పని మీ ఇంట్లోవాళ్ళది."

వీరభద్రరావుగారు అక్క వైపు చూశాడు. రాజ్యమ్మగారు చిక్కుళ్ళు తుంచడం ఆపలేదు. "నాకు గుంటూరులో నర్సు ట్రైనింగుకు సీటొచ్చింది, నీకు గుర్తుందిరా?" అంది.

"ఉందక్కా. నలుగురూ నవ్వుతారని నాన్న మానిపించాడు."

"నాన్న పంపుదామనే అనుకున్నాడు. పెట్టె కూడా కొన్నాడు. అన్నం మానేసి మంచం ఎక్కింది నువ్వు. 'అక్క ఊరివాళ్ళ పుళ్ళు కడుగుతుందట' అని బళ్ళో పిల్లలు ఏడిపిస్తున్నారని, నేను వెళితే బడికే పోనని పట్టుబట్టావు. ఒక్కగానొక్క మగపిల్లాడివి. నాన్న ఆ పెట్టెలో నీ పుస్తకాలు పెట్టుకోమన్నాడు."

"నాకు... నాకు గుర్తులేదక్కా."

"నీకెందుకు గుర్తుంటుంది?" అంది ఆవిడ. గొంతులో కోపం లేదు. తుంచిన చిక్కుళ్ళు గిన్నెలోకి ఎత్తి, చేతులు కడుక్కుని, లోపలికి వెళ్ళి చీర మార్చుకుని వచ్చింది. "పద. మనుషులు తక్కువయ్యారన్నావుగా, నేనొస్తాను."

"నువ్వొస్తే మరి నాకు భోజనం?" అన్నారు సాంబశివరావుగారు. జవాబు రాకపోయేసరికి ఆయన కూడా చొక్కా వేసుకుని కారెక్కారు.

వీరభద్రరావుగారు రెండుసార్లు దారి తప్పి, ఒకచోట తాను కట్టించిన వంతెన మీదనుంచే వెళ్ళి, అది తాను కట్టించిందని చెప్పడం కూడా మరచిపోయాడు.

వీళ్ళు ఆశ్రమం చేరేసరికి వసారాలో పంక్తి సాగుతోంది. ఆ ఆదివారం జనం బాగా వచ్చారు. మంజీర కొంగు దోపుకుని, జుట్టంతా ముడివేసి, మొహం చెమటతో మెరుస్తుండగా వడ్డిస్తోంది. అత్తయ్యను, మామయ్యను చూసి ఒక్క క్షణం ఆగింది. వాళ్ళు ఎందుకు వచ్చారో ఆమెకు తెలుసు. అయినా ముందుకు వచ్చి, "కాళ్ళు కడుక్కుని కూర్చోండి మామయ్యా. మాటలు తరవాత" అంది. అందరితోపాటు వాళ్ళకూ విస్తళ్ళు వేసింది. గురువుగారు ఎదుటి వరసలో కూర్చున్నారు.

ముద్దపప్పు, దోసకాయ పచ్చడి, వంకాయ కూర అయ్యాయి. పులిహోర వచ్చింది. సాంబశివరావుగారు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. కళ్ళు తెరిచి, పంక్తి అంతటికీ వినిపించేలాగా, "పులుపు ఎక్కువైంది" అన్నారు. "పళ్ళు జివ్వుమంటున్నాయి."

ఇన్ని రోజులు తిరిగి, బావగారిని ఇంత దూరం తీసుకువచ్చింది ఇలాంటి మాట ఒకటి ఆమె వినాలనే. కాని అందరికన్నా ముందు నోరు తెరిచింది వీరభద్రరావుగారే.

"అంత పులుపేం లేదు బావగారూ! మీకు పళ్ళు పాడై చాలా కాలమైంది!"

సాంబశివరావుగారు ఆశ్చర్యంగా చూశారు. వీరభద్రరావుగారు కూడా, ఆ మాట అన్నది ఎవరా అన్నట్టు ఒకసారి పక్కకు చూశాడు. మంజీర పులిహోర పళ్ళెం కింద పెట్టి వచ్చి మామయ్య ముందు గొంతుకూర్చుంది.

"కాదు నాన్నా, మామయ్య చెప్పింది నిజమే. ఇంతమందికి చేయడం నాకిదే మొదలు. చింతపండు అంచనా తప్పాను. చెప్పండి మామయ్యా, పులుపు ఒక్కటేనా? ఉప్పు సరిపోయిందా? మిరపకాయలు వేగాయా?"

సాంబశివరావుగారు మొదట బెట్టు చేశారు. తరవాత అది పాత చింతపండా, కొత్తదా అని అడిగారు. పాతదైతే ఎంత నానాలో, రసం ఎప్పుడు దించాలో చెప్పడం మొదలుపెట్టారు. ఆయన జన్మలో పొయ్యి వెలిగించి ఎరగరు. అయినా తినడంలో ఆయనకున్న అనుభవం సామాన్యమైనది కాదు. అమ్మాయి రెట్టించి అడుగుతోంది. మధ్యలో నవ్వుతోంది. అంతమందిలో తన తప్పు ఎంచుతుంటే ఆమె కళ్ళు మిలమిలలాడుతున్నాయి.

వీరభద్రరావుగారు తినడం మానేసి కూతురినే చూస్తున్నాడు. ఉద్యోగంలో ఉన్నప్పుడు పై అధికారి ఒక్క మాట అంటే ఆ పూట తలుపు వేసుకుని అన్నానికి రాని పిల్ల. "పని ఒత్తిడి, అదే అలవాటవుతుంది" అని అప్పట్లో తలుపు అవతల నిలబడి తానే ధైర్యం చెప్పేవాడు. ఈ పిల్లను ఆ తలుపు వెనకాల తానెప్పుడూ చూడలేదు.

రాజ్యమ్మగారు తన విస్తట్లో పులిహోర మొత్తం తినేసి, "నాకు బాగానే ఉందే. నేను నిన్ను వద్దనను. గట్టిగా చెబుతున్నాను, నలుగురూ వినండి" అంది. దయానందంగారు మజ్జిగ ఎప్పుడు వస్తుందని మెల్లగా అడిగాడు.

అప్పుడు గురువుగారు ఎదుటి వరసనుంచి తలెత్తి, "వీరభద్రరావుగారూ, నలుగురిని తెమ్మన్నాను. ముగ్గురే కనిపిస్తున్నారు. నాలుగో ఆయన రాలేదా?" అన్నారు.

వీరభద్రరావుగారు అటూ ఇటూ చూశాడు. అక్క తలదించుకుని పచ్చడి నంజుకుంటోంది. దయానందంగారు సముద్రం వైపు చూస్తున్నాడు.

"వచ్చాడండీ" అన్నాడు చివరికి, చాలా చిన్న గొంతుతో.

"ఏమంటాడు?"

"ఇంకొంచెం పులిహోర వడ్డించమంటున్నాడు."

మంజీర లేచి పళ్ళెం తీసుకుంది. తండ్రి మొహమే చూస్తూ వడ్డించేసరికి సగం విస్తరి బయట పడింది.

ఆ సాయంత్రం హైదరాబాదు బండి ఆమె లేకుండానే వెళ్ళిపోయింది. అంతటితో అన్నీ చక్కబడ్డాయని అనుకోవద్దు. మొదటి ముహూర్తాల్లోనే గాలివాన వచ్చి పందిరి ఎగిరిపోయి, పొయ్యిలు ఆరిపోయి, మంజీర మగపెళ్ళివారితో చీవాట్లు తింది. మానేస్తానని ఒకసారి ఏడ్చిందట కూడా. తండ్రి చాలా కాలం ధైర్యం చాలక, అడిగినవాళ్ళకు "మా అమ్మాయి ఆతిథ్యరంగంలో ఉంది" అని చెప్పుకు తిరిగాడు. ఆ మాట అర్థంకాక కొందరు విమానాల్లో పనిచేస్తోందనుకున్నారు. ఆయన కాదనలేదు. ఈమధ్యనే ఒక పెళ్ళిలో, పక్క విస్తరి ఆయన పప్పు బాగుందంటే, "మా అమ్మాయి చేసిందే" అని నోరు జారాడు. రాజ్యమ్మగారు పెద్ద కార్యాలకు వచ్చి వడ్డన దగ్గర అజమాయిషీ చేస్తోంది. అందరూ ఆవిడంటే హడలిపోతున్నారు. వీరభద్రరావుగారు విజయవాడ వెళ్ళి అవినాష్ దగ్గర ఈతకు చేరాడు. జీవితమంతా కాలువల మీద ఉద్యోగం చేసి ఈత రాని మనిషి. ఇప్పటికీ రాలేదు. మెడలోతు నీళ్ళలో నిలబడి గట్టు పట్టుకుని వదలడు. ఆ కుర్రవాడు మాత్రం, "ఏం బాబాయిగారూ, ఇంకా పాసవలేదా?" అని నవ్వుతూ అడుగుతాడట.

ఇంతవరకూ చెప్పి గురువుగారు కండువా తీసుకున్నారు. మేము నవ్వుకుంటూ లేవబోయాం. కేశవ ఒక్కడు లేవలేదు.

"అయితే లోకం అనేది లేదన్నమాట" అన్నాడు.

గురువుగారు గుమ్మం దగ్గర ఆగారు.

"ఎందుకు లేదు? నీకంటే చిన్నవాడెవడైనా వచ్చి, తను ఏం కావాలనుకుంటున్నాడో నీకు చెప్పిన రోజున, వాడి కళ్ళలో ఎవరి బొమ్మ పడిందో చూడు. లోకం కనిపిస్తుంది."